ఇంటి కంప్యూటర్‌లో వీపీఎన్: విండోస్ సొంత క్లయింటా, ఓపెన్‌వీపీఎనా, వైర్‌గార్డా?

వీపీఎన్ అంటే మన కంప్యూటర్ నుంచి అవతలి సర్వర్ దాకా ఇంటర్నెట్ మీదుగా వేసుకునే రహస్య దారి, అంటే టన్నెల్; దాన్ని మన వైపు నుంచి కలిపే సాఫ్ట్‌వేరే క్లయింట్. ఇంటి కంప్యూటర్‌లో వీపీఎన్ క్లయింట్ పెట్టుకోవాలనుకునేవారికి ప్రధానంగా మూడు దారులున్నాయి. విండోస్‌లో ముందే ఉన్న క్లయింటును వాడుకోవడం ఒకటి, ఓపెన్‌వీపీఎన్‌ను దింపుకుని ఇన్‌స్టాల్ చేసుకోవడం రెండవది, వైర్‌గార్డ్ మూడవది. వీటిలో ఏది మేలని అడిగితే చాలామంది వేగాన్ని కొలిచి జవాబు చెబుతారు. ఇంటి వాడకానికి అంతకంటే ముఖ్యమైన కొలత ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. కనెక్షన్ కుదరనప్పుడు, లేదా మధ్యలో తెగిపోయినప్పుడు, ఆ సంగతిని ఆ సాఫ్ట్‌వేర్ మనకు ఎంత స్పష్టంగా చెబుతుందన్నదే ఆ కొలత. ఆఫీసులో నెట్‌వర్క్ చూసుకునేవారు పిలిస్తే పలుకుతారు. ఇంట్లో రాత్రి పదింటికి కనెక్షన్ కుదరకపోతే తెర మీద కనిపించే నాలుగు మాటలే దిక్కు.

అయితే క్లయింట్ ఒక్కటే మన చేతిలో ఉంటుంది, సర్వర్ అవతలివారిది. ఆఫీసు సర్వర్ ఐకెఈవీ2 అనే ప్రోటోకాల్ (రెండు యంత్రాలు మాట్లాడుకునే పద్ధతి) మాత్రమే ఇస్తుంటే వైర్‌గార్డ్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. కాబట్టి ఏదైనా ఇన్‌స్టాల్ చేయడానికి ముందే సర్వర్ చూసుకునేవారిని ఏ ప్రోటోకాల్, ఏ పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే ద్వారం అంకె), పాస్‌వర్డా సర్టిఫికెట్టా (గుర్తింపు పత్రం లాంటి ఫైలు) అని అడిగి రాసుకోవాలి. సొంత రౌటర్‌లో సర్వర్ నడుపుకునేవారికి, చిన్న ఆఫీసుల వారికి, రెండు మూడు ప్రోటోకాల్స్ ఇచ్చే సర్వీసు తీసుకున్నవారికి మాత్రమే నిజమైన ఎంపిక ఉంటుంది. అద్దె సర్వీసులు ఇచ్చే సొంత యాప్‌ల లోపల కూడా చాలావరకు ఈ ప్రోటోకాల్సే నడుస్తుంటాయి కనుక వాటి గురించి విడిగా చెప్పనక్కరలేదు.

విండోస్ సొంత క్లయింట్ నుంచి మొదలుపెడదాం. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వీపీఎన్, అందులో యాడ్ వీపీఎన్ నొక్కితే ఒక చిన్న ఫారం తెరుచుకుంటుంది. కనెక్షన్ పేరు, సర్వర్ చిరునామా, వీపీఎన్ టైప్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ నింపితే చాలు. కొత్తగా దింపుకోవలసింది ఏమీ లేదు, సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా విండోస్‌తో పాటే వస్తాయి. ఇంత సులువైన పద్ధతిలో ప్రమాదమంతా వీపీఎన్ టైప్ అన్న ఆ ఒక్క గడిలో ఉంది. అక్కడ కనిపించే పేర్లన్నీ ఒకే స్థాయివి కావు. పీపీటీపీ 1999 నాటి ప్రోటోకాల్. అది పాస్‌వర్డ్‌ను సరిచూడడానికి వాడే ఎంఎస్-చాప్ వీ2 పద్ధతిని ఛేదించడమంటే డీఈఎస్ అనే పాతకాలపు సంకేత తాళం ఒకే ఒక్కదాన్ని విప్పడమేనని 2012లో పరిశోధకులు బహిరంగంగా నిరూపించారు. ఆపిల్ 2016లోనే దాన్ని తన సిస్టమ్‌ల నుంచి తీసివేసింది. విండోస్ సర్వర్ రాబోయే వెర్షన్లలో పీపీటీపీని, అదే గడిలో కనిపించే ఎల్2టీపీని వదిలించుకుంటున్నట్లు మైక్రోసాఫ్ట్ 2024లో ప్రకటించింది. అయినా పాత రౌటర్లలో పీపీటీపీ సర్వర్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, త్వరగా కుదురుతుంది కాబట్టి జనం దాన్నే పెట్టుకుంటారు. దాన్ని వాడవద్దని నేను గట్టిగా చెబుతాను. టైప్‌ను ఆటోమేటిక్‌గా వదిలేయడం కూడా మంచిది కాదు, ఎందుకంటే చివరికి దేని మీద కుదిరిందో వెతికి చూస్తే తప్ప మనకు తెలియదు.

ఎల్2టీపీతో చిక్కు వేరు. ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా మార్చడం) కోసం అది ఐపీసెక్ అనే మరో పద్ధతి మీద ఆధారపడుతుంది. సర్వర్ ఒక రౌటర్ వెనుక ఉంటే, విండోస్ అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే గానీ విండోస్ దానికి కనెక్ట్ కాదు. ఇక ఐకెఈవీ2 నిజంగా మంచిది. వైఫై నుంచి మొబైల్ హాట్‌స్పాట్‌కు మారినా సెషన్ తెగకుండా నిలబెట్టుకునే ఏర్పాటు దానికి ఉంది. కానీ విండోస్ తనంతట తాను ప్రతిపాదించే ఎన్‌క్రిప్షన్ అమరిక పాతకాలపుది. కీ మార్పిడికి, అంటే రెండు వైపులా ఒకే తాళాన్ని కుదుర్చుకోవడానికి, 1024 బిట్ల గ్రూపుతో సరిపెట్టుకుంటుంది, దాన్ని పెంచాలంటే కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో కమాండ్ ఇవ్వాలి. సెట్టింగ్స్ ఫారంలో ఆ సంగతి ఎక్కడా కనిపించదు.

విఫలమైనప్పుడు విండోస్ ఒక నంబరు ఇస్తుంది. 691 వస్తే యూజర్ పేరు గానీ పాస్‌వర్డ్ గానీ తప్పు. 809 వస్తే మన ప్యాకెట్లకు (మనం పంపే సమాచారపు ముక్కలకు) సర్వర్ నుంచి జవాబే రావడం లేదు, మధ్యలో ఫైర్‌వాల్ గానీ రౌటర్ గానీ అడ్డుపడుతోంది. 13801 వస్తే సర్టిఫికెట్ దగ్గర తేడా వచ్చింది. సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, మనం సర్వర్ చిరునామా గడిలో రాసిన పేరు ఒకటేనా అని ముందుగా చూసుకోవాలి. ఇది పొడి సమాధానమే అయినా దేన్ని పట్టుకోవాలో చెబుతుంది. అసలు లోటు మరొకచోట ఉంది. కనెక్షన్ తెగిపోతే కంప్యూటర్ ఏమీ జరగనట్లు మామూలు ఇంటర్నెట్ మీద పని కొనసాగిస్తుంది, ట్రాఫిక్‌ను ఆపేసే కిల్ స్విచ్ ఆ ఫారంలో లేదు.

ఓపెన్‌వీపీఎన్‌ను జేమ్స్ యోనన్ 2001లో మొదలుపెట్టారు. ఇక్కడ ఫారం నింపే పని ఉండదు. సర్వర్ చూసుకునేవారు ఓవీపీఎన్ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఒక ప్రొఫైల్ ఫైలు ఇస్తారు, దాన్ని ఇంపోర్ట్ చేసుకుంటే అయిపోతుంది. కొత్తవారు తికమకపడేది క్లయింట్ పేరు దగ్గరే. ఓపెన్‌వీపీఎన్ కనెక్ట్ అనేది కంపెనీ ఇచ్చే యాప్, ఓపెన్‌వీపీఎన్ జీయూఐ అనేది కమ్యూనిటీ ప్యాకేజీతో వచ్చేది. రెండూ ప్రొఫైల్ ఫైళ్లను చదువుతాయి, ఏదో ఒకటి పెట్టుకుంటే చాలు. ఇంటి కంప్యూటర్‌కు నేను జీయూఐనే సూచిస్తాను, ఎందుకంటే కనెక్ట్ నొక్కగానే జరిగేదంతా వరుసగా రాసే లాగ్ కిటికీ కళ్లముందు తెరుచుకుంటుంది.

ఆ లాగ్ విలువ చిక్కు వచ్చిన రోజున తెలుస్తుంది. చివరి వరుసలో ఇనిషియలైజేషన్ సీక్వెన్స్ కంప్లీటెడ్ అని కనిపిస్తే, కింద గడియారం పక్కనున్న గుర్తు పసుపు నుంచి ఆకుపచ్చకు మారితే, పని అయినట్లే. అరవై సెకన్లు గడిచాక టీఎల్ఎస్ కీ నెగోషియేషన్ ఫెయిల్డ్ అని వస్తే పాస్‌వర్డ్ గురించి ఆలోచించనక్కరలేదు, మాట అసలు అవతలికి చేరడమే లేదు. పోర్టు, చిరునామా, ఫైర్‌వాల్ చూడాలి. ఆథ్ ఫెయిల్డ్ అని వస్తే సర్వర్ దొరికింది, పాస్‌వర్డే తప్పు. సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని వస్తే ముందుగా కంప్యూటర్‌లో తేదీ చూసుకోవాలి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు అన్నీ సరిగా ఉన్నా సర్టిఫికెట్‌ను సరిచూసే టీఎల్ఎస్ ఒప్పుకోదు. కారణాన్ని ఇంత విడమరిచి చెప్పడంలో మిగిలిన రెండూ దీనికి సాటిరావు.

దీనికి మరో బలం కూడా ఉంది. మామూలుగా యూడీపీ (ప్యాకెట్ చేరిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) 1194 పోర్టు మీద నడిచినా, సర్వర్‌లో అమర్చి ఉంటే టీసీపీ (పోయినదాన్ని మళ్లీ పంపే పద్ధతి) 443 మీద కూడా నడుస్తుంది. హోటళ్లలో, హాస్టళ్లలో యూడీపీని ఆపేసిన చోట కూడా 443ను మాత్రం తెరిచే ఉంచుతారు, ఎందుకంటే వెబ్‌సైట్లన్నీ దాని మీదే నడుస్తాయి. దానికి చెల్లించుకునే మూల్యం వేగం. టీసీపీ లోపల మళ్లీ టీసీపీ నడుస్తుంటే, ఒక ప్యాకెట్ పోయినప్పుడు రెండు పొరలూ దాన్ని తిరిగి పంపడానికి పూనుకుంటాయి, లైను బలహీనంగా ఉంటే అంతా నత్తనడకన సాగుతుంది. కాబట్టి టీసీపీని అవసరమైతేనే వాడాలి. యూడీపీ మీద ఉన్నప్పటి నెమ్మదితనానికి 2023లో వచ్చిన 2.6 వెర్షన్ కొంత మందు వేసింది, డేటాను ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ స్థాయిలోనే నడిపే డ్రైవర్ అందులో ఉంది.

వైర్‌గార్డ్‌ది పూర్తిగా వేరే పంథా. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన ఈ ప్రోటోకాల్ 2020 మార్చిలో విడుదలైన లినక్స్ 5.6 కెర్నెల్‌లో చేరింది. దాని కోడ్ దాదాపు నాలుగు వేల వరుసలు మాత్రమే కావడం వల్ల ఒక మనిషి కూర్చుని మొత్తం చదివి తనిఖీ చేయగలడు. ఎన్‌క్రిప్షన్ పద్ధతులను ఎంచుకునే గడి ఇందులో లేనే లేదు, కాబట్టి విండోస్ ఫారంలో చూసిన టైప్ తలనొప్పి పుట్టదు. క్లయింట్‌లో యాడ్ ఎంప్టీ టన్నెల్ నొక్కగానే తాళాల జత అక్కడికక్కడే తయారవుతుంది. అందులో పబ్లిక్ కీని మాత్రం సర్వర్ వారికి పంపితే సరిపోతుంది, ప్రైవేట్ కీ మన కంప్యూటర్ దాటి బయటికి వెళ్లదు. తాళాలన్నీ ఉన్న ప్రొఫైల్ ఫైలును ఈమెయిల్‌లో పంపించే అలవాటుతో పోలిస్తే ఇది ఎంతో శుభ్రమైన పద్ధతి.

కాన్ఫిగ్ ఫైలంతా పది వరుసలు ఉండదు. జాగ్రత్తగా రాయవలసింది అలౌడ్ ఐపీస్ అన్న వరుస, ఏ చిరునామాల ట్రాఫిక్ టన్నెల్‌లోకి వెళ్లాలో చెప్పేది అదే. అక్కడ 0.0.0.0/0 అని రాస్తే ఐపీవీ4 (పాత తరహా చిరునామాల) ట్రాఫిక్ అంతా టన్నెల్ గుండా వెళుతుంది. ఆఫీసు ఫైల్ సర్వర్ మాత్రమే కావాలనుకుంటే 192.168.50.0/24 వంటి ఆ నెట్‌వర్క్ శ్రేణి ఒక్కటే రాయాలి. అంతా టన్నెల్‌లోనే వెళ్లాలనుకునేవారు ::/0 కూడా చేర్చడం మరిచిపోకూడదు, లేదంటే ఇంటి కనెక్షన్‌లో ఐపీవీ6 (కొత్త తరహా చిరునామాలు) ఉన్నప్పుడు ఆ ట్రాఫిక్ బయటి నుంచే వెళ్లిపోవచ్చు. ఇలా మొత్తం ట్రాఫిక్‌ను మళ్లించినప్పుడు విండోస్ క్లయింట్‌లో కిల్ స్విచ్ టిక్ పెట్టె కూడా కనిపిస్తుంది. మూడింటిలోనూ తెగిపోయినప్పటి రక్షణను ఇంత తేలికగా ఇచ్చేది ఇదే.

అయితే నా కొలత ప్రకారం వైర్‌గార్డ్ వెనుకబడే చోటు కూడా ఉంది. యాక్టివేట్ నొక్కిన మరుక్షణం అది యాక్టివ్ అని చూపిస్తుంది, సర్వర్ ఆగిపోయి ఉన్నా అలాగే చూపిస్తుంది. ఆ పదం చూసి కనెక్షన్ కుదిరిందని నమ్మకూడదు. లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (సర్వర్‌తో చివరిసారి పలకరింపు కుదిరిన సమయం) అన్న వరుస వచ్చిందా, రిసీవ్డ్ అంకె పెరుగుతోందా అన్నవి రెండూ చూడాలి. పంపినవి మాత్రమే పెరుగుతూ, అందినవి సున్నా దగ్గర ఆగిపోతే కారణం తప్పు తాళం కావచ్చు, మూసి ఉన్న పోర్టు కావచ్చు, ఆగిపోయిన సర్వర్ కావచ్చు; అన్నీ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. తనకు తెలియని తాళంతో వచ్చిన ప్యాకెట్‌కు సర్వర్ జవాబే ఇవ్వకపోవడం ఈ ప్రోటోకాల్ భద్రతలో భాగం కాబట్టి ఈ మౌనాన్ని తప్పుపట్టలేము, కానీ ఇంట్లో ఒంటరిగా కూర్చుని సరిచేసుకునేవారికి అది కష్టమే. ఒకే కాన్ఫిగ్ ఫైలును ల్యాప్‌టాప్‌లోనూ డెస్క్‌టాప్‌లోనూ పెట్టి రెండింటినీ ఒకేసారి నడిపితే, సర్వర్ చివరగా మాట్లాడిన చిరునామాకే జవాబులు పంపుతుంది, రెండు యంత్రాలూ ఆగుతూ సాగుతూ ఉంటాయి. ప్రతి కంప్యూటర్‌కు వేరే తాళాల జత పెట్టడమే దీనికి పరిష్కారం.

ఈ మూడింటికీ సమానంగా తగిలే చిక్కు ఒకటుంది. ఇంటి రౌటర్, ఆఫీసు నెట్‌వర్క్ రెండూ 192.168.1.0/24 అనే ఒకే చిరునామాల శ్రేణిని వాడుతుంటే, వీపీఎన్ కుదిరినట్లే కనిపిస్తుంది గానీ ఫైల్ సర్వర్ తెరుచుకోదు, ఎందుకంటే ఆ చిరునామా ఇంట్లోనే ఉందని కంప్యూటర్ అనుకుంటుంది. క్లయింట్‌ను మార్చడం వల్ల ఇది తీరదు. ఇంటి రౌటర్ శ్రేణిని అరుదుగా వాడే మరొక అంకెకు మార్చుకోవాలి.

ఏది మేలో ఇప్పుడు తేల్చి చెప్పవచ్చు. ఆఫీసు ఐకెఈవీ2 ఇస్తే విండోస్ సొంత క్లయింట్ చాలు, దాని మీద మరొక సాఫ్ట్‌వేర్ ఎక్కించనక్కరలేదు. ఎంపిక మన చేతిలో ఉంటే వైర్‌గార్డ్‌ను ముందు పెట్టుకోవాలి. పాడవడానికి అవకాశాలు తక్కువగా ఉండడం కూడా ఒక రకమైన స్పష్టతే. ఫోన్‌లో అడిగి సరిచేసుకోవలసిన పెద్దవారి కంప్యూటర్‌లో మాత్రం నేను ఓపెన్‌వీపీఎన్ వైపే మొగ్గుతాను, లాగ్‌లోని చివరి వరుసను చదివి వినిపించమంటే చాలు, సగం పని అయిపోతుంది. వైర్‌గార్డ్ పెట్టుకున్నవారు కూడా టీసీపీ 443 మీద నడిచే ఓపెన్‌వీపీఎన్ ప్రొఫైల్ ఒకటి అదే కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంచుకోవాలి, అవసరం పడే రోజు కోసం ఆగకుండా ఇప్పుడే ఒకసారి కనెక్ట్ చేసి చూసుకోవాలి. రెండింటినీ మాత్రం ఒకేసారి ఆన్ చేయకూడదు, ట్రాఫిక్ దారిని నిర్ణయించే రూటింగ్ పట్టికలో రెండూ పోటీపడితే ట్రాఫిక్ ఎటు వెళుతోందో ఎవరూ చెప్పలేరు.