దస్తావేజుల పనిలో లినక్స్ మింట్: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

రాజోలులో దస్తావేజులు రాయడం నా వృత్తి. క్రయ దస్తావేజులు, దాన సెటిల్మెంట్లు, తనఖా పత్రాలు, వీలునామాలు తెలుగులో తయారుచేసి, పార్టీలకు చదివి వినిపించి, సంతకాలకు సిద్ధం చేయడం నా రోజువారీ పని. లినక్స్ మింట్ అంటే విండోస్‌కు బదులుగా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. 2020లో వెలువడిన లినక్స్ మింట్ 20 మొదలుకొని ఇప్పటి 22 వరకు ఈ పనికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి కూర్పునే వాడుతున్నాను. నేను చదివిన లినక్స్ సమీక్షల్లో ఎక్కువ భాగం వేగం గురించి, తెర అందం గురించి రాసినవే. తెలుగు పాఠమే సరుకైన వృత్తిలో ఈ వ్యవస్థ ఎలా నిలబడిందో చెప్పడం నా ఉద్దేశం.

దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే భాగాన్ని షెడ్యూలు అంటారు. మా ప్రాంతపు షెడ్యూలులో తూర్పున ఒకరి కొబ్బరి తోట, దక్షిణాన పంట బోదె, పశ్చిమాన పుంత, ఉత్తరాన ఏటిగట్టు అంటూ హద్దులు ఉంటాయి. వాటి వెంట సర్వే నంబరు, సబ్ డివిజన్, ఎకరాలు, సెంట్లు ఉంటాయి. ఇంటిపేరులో ఒక ఒత్తు జారినా, విస్తీర్ణంలో ఒక అంకె తారుమారైనా సవరణ దస్తావేజు రాయించుకోవలసి వస్తుంది. పైగా దస్తావేజు రిజిస్ట్రేషన్ రోజుతో ముగిసిపోయేది కాదు. కొన్నవారి పిల్లలు ఇరవై, ముప్ఫై ఏళ్ల తర్వాత, ఆస్తి ఎలా చేతులు మారిందో చూపే పాత దస్తావేజు, అంటే లింకు డాక్యుమెంటు కోసం వెతుక్కుంటూ వస్తారు. అందువల్ల తెలుగు తప్పు లేకుండా తెరమీదా కాగితం మీదా కనిపించడం, అదే పాఠం ఏళ్ల తరబడి వెతకడానికి వీలుగా మిగలడం అనే రెండు కొలతలతోనే నేను ఏ వ్యవస్థనైనా తూస్తాను.

మా వృత్తిలో చాలామంది టైపు నేర్చుకున్నది ‘అను’ అనే పేరున్న పాత తెలుగు ఫాంట్ల మీద. తెలుగు అచ్చుపనిని ఆ ఫాంట్లు ఎన్నో ఏళ్లు మోశాయి, వాటి అక్షరాల అందాన్ని నేను ఈనాటికీ మెచ్చుకుంటాను. అయితే ఆ తరం ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను అమర్చినవే కాబట్టి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి, ఊరి పేరు పెట్టి వెతికితే ఏమీ దొరకదు. ప్రపంచ లిపుల అక్షరాలకు విడివిడి సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే ప్రమాణంలో, 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే తెలుగుకు సొంత స్థానాలు ఉన్నప్పటికీ, దస్తావేజుల బల్లల మీదికి అది చాలా ఆలస్యంగా చేరింది. మింట్‌లో ఉన్న పెద్ద మేలు ఏమిటంటే, అందులో తెలుగు అంటే మొదటినుంచీ యూనికోడే, అదనంగా ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కరలేదు.

టైపు విషయంలో నాకు ముందు ఉన్న భయం చేతుల అలవాటు గురించే. ఐబస్ అనే ఇన్‌పుట్ పద్ధతికి తోడుగా ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీని సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి చేర్చుకుని, ఒకసారి లాగవుట్ అయి తిరిగి వస్తే తెలుగుకు ఒకటి కాదు, పలు కీబోర్డు అమరికలు కనిపిస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి కొట్టే ఆర్టీఎస్ ఉంది, పోతన ఉంది, యాపిల్ అమరిక కూడా ఉంది. అను వాడినవారిలో ఎక్కువమందికి చేతికి పట్టినది యాపిల్ అమరికే కాబట్టి, మా బల్ల దగ్గర టైపు చేసే కుర్రవాడు పెద్దగా ఇబ్బంది పడకుండా దానిలోకి మారాడు. నేను మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. స్వరాలూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉండటం వల్ల రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి, రోజంతా కొట్టినా వేళ్లు అలసిపోవు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను నిస్సందేహంగా ఇన్‌స్క్రిప్ట్‌నే చెబుతాను.

అక్షరాలు కూడే తీరు గురించి కొంత వివరంగా చెప్పాలి. తెలుగులో హల్లు, పొల్లు గుర్తు, మరో హల్లు కలిసి ఒత్తుగా మారే పని ఫాంటు ఒక్కటే చేయదు, పాఠాన్ని ఆకృతిలో పెట్టే ఇంజిను కూడా కావాలి. మింట్‌లో పత్రాలు రాసే లిబ్రేఆఫీసు, బ్రౌజరైన ఫైర్‌ఫాక్స్ రెండూ హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజినును వాడతాయి. కాబట్టి బ్రౌజరులో సరిగా కనిపించిన ‘రాష్ట్ర’ దస్తావేజులో విరిగిపోవడం నేను చూడలేదు. ‘రిజిస్ట్రార్‌కు’ వంటి మాటల్లో పొల్లును పొల్లుగానే నిలపడానికి కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు అవసరమవుతుంది. లిబ్రేఆఫీసు రైటర్‌లో 200సీ అనే సంఖ్యను ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్‌తో పాటు ఎక్స్ మీట నొక్కితే ఆ గుర్తు వస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను స్తంభింపజేసిన తెలుగు అక్షరం ‘జ్ఞా’ వరుసలో ఉన్నది కూడా ఈ గుర్తే. ఆ లోపాన్ని ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దారు. కోట్లమంది రాసే లిపిని పరీక్షించడంలో పెద్ద సంస్థలు సైతం ఎంత వెనకబడి ఉన్నాయో ఆ ఘటన చెబుతుంది. నేను తెలుగు ఆకృతిని మొదటి కొలతగా పెట్టుకోవడానికి అదీ ఒక కారణం.

ఫాంట్లలో పోతన 2000, వేమన 2000 రెండూ మింట్ సాఫ్ట్‌వేర్ భాండారంలో ఒకే ప్యాకేజీగా దొరుకుతాయి. లోహిత్, నోటో కూడా ఉన్నాయి. దస్తావేజు మొత్తానికి నేను నోటో సెరిఫ్‌ను, శీర్షికకు రామభద్రను వాడతాను. వేమన చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, నా కంటికి దాని గీత సన్నం, నకలు తీసిన కాగితం మీద ఒత్తులు పలచబడతాయి.

లిబ్రేఆఫీసులో తెలుగు వాడేవారు మొదటిరోజే తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. అది తెలుగును సంక్లిష్ట లిపిగా పరిగణించి, ఇంగ్లీషుకు ఒక ఫాంటు, తెలుగుకు మరొక ఫాంటు, ఒక్కోదానికి వేరే పరిమాణం గుర్తుపెట్టుకుంటుంది. అంకెలు ఏ పక్కకు చెందుతాయనేది వాటి ముందున్న అక్షరాలను బట్టి మారుతుంది. అందువల్ల పేరా శైలిలో రెండు చోట్లా ఒకే పరిమాణం పెట్టకపోతే ఒకే వాక్యంలో ఒక సర్వే నంబరు పెద్దగా, మరొకటి చిన్నగా కనిపించి, దిద్దినట్టు అనుమానం కలిగిస్తుంది. ఇది ఒకసారి శైలిలో సరిచేసి మూసగా భద్రపరిస్తే మళ్లీ చూసుకోనక్కరలేదు. అదే మూసలో స్టాంపు కాగితం సంగతి కూడా తేలిపోతుంది. మొదటి కాగితం పైభాగాన్ని స్టాంపు ముద్ర ఆక్రమిస్తుంది కాబట్టి, మొదటి పేజీ శైలికి పైన పెద్ద మార్జిను పెట్టి, తర్వాతి పేజీలకు మామూలు శైలి దానంతటదే వచ్చేలా కట్టాను. ఈ పేజీ శైలుల పద్ధతి లిబ్రేఆఫీసులో ఉన్నంత చక్కగా నేను మరెక్కడా చూడలేదు. తెలుగు అక్షరదోషాల పరీక్ష మాత్రం మా పనికి నిరుపయోగం. ‘హద్దులలోగల’, ‘అనుభవించుకొనగలవారు’ వంటి కలిసిపోయిన మాటల కింద అంతటా ఎర్రగీతలు వస్తాయి, దాన్ని ఆపివేయడమే మంచిది.

పూర్తయిన దస్తావేజును నేను హైబ్రిడ్ పీడీఎఫ్‌గా భద్రపరుస్తాను. ఇందులో అచ్చు రూపంతో పాటు సవరించదగిన మూలపత్రం కూడా అదే ఫైలు లోపల ఉంటుంది. పీడీఎఫ్ నుంచి తెలుగును నకలు చేస్తే అక్షరాలు తరచుగా చెదిరిపోతాయి కనుక, మూలం లోపలే ఉండటం గొప్ప వెసులుబాటు. ఆ మూలపత్రపు రూపమైన ఓడీఎఫ్ 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. అది ఏ ఒక్క కంపెనీ దయమీదా ఆధారపడి లేదన్న ధైర్యం ముప్ఫై ఏళ్ల తర్వాతి లింకు డాక్యుమెంటును తలచుకున్నప్పుడు తెలుస్తుంది. వెతకడానికి రీకాల్ అనే సాధనం పెట్టుకున్నాను. ఊరి పేరో, సర్వే నంబరో కొడితే ఏ దస్తావేజులో ఉందో క్షణాల్లో చూపిస్తుంది. ఈ మధ్య ఒక రైతు వచ్చి, ‘మా నాన్నగారి పేరున మీ దగ్గరే రాయించామండి, ఏ సంవత్సరమో గుర్తులేదండి’ అన్నారు. ఆయన చెప్పిన పుంత పేరుతోనే ఆ కాగితం దొరికింది.

ఇక లోపాల్లో మొదటిది ప్రింటరు. మన ఊళ్ల దుకాణాల్లో కనిపించే చవక లేజర్ ప్రింటర్లలో కొన్ని పేజీని తమంతట తాము కూర్చుకోలేవు, ఆ పనంతా కంప్యూటర్లోని డ్రైవరు అనే సాఫ్ట్‌వేరే చేసి పంపాలి. తయారీదారు లినక్స్‌కు డ్రైవరు ఇవ్వకపోయినా, ఇచ్చిన దాన్ని కొత్త కూర్పులకు తగ్గట్టు నవీకరించకపోయినా ఆ యంత్రం పనికిరాదు. నా పాత ప్రింటరు మింట్ 20లో ఏదో విధంగా నడిచింది, 21కి మారగానే ఆగిపోయింది. మళ్లీ నడిపించడానికి చేసిన ప్రయత్నాలేవీ నిలకడగా నిలవలేదు. చివరకు డ్రైవరు అవసరం లేని నెట్‌వర్క్ ప్రింటరు కొన్నాను. దాన్ని వైఫైకి కలపగానే మింట్‌లో అచ్చుపని చూసే సీయూపీఎస్ గుర్తించింది, లీగల్ సైజు కాగితం కూడా ఏ చిక్కూ లేకుండా వస్తోంది. డ్రైవరు లేకుండా అచ్చువేసే పద్ధతులైన ఎయిర్‌ప్రింట్ గానీ ఐపీపీ ఎవ్రీవేర్ గానీ ఉందని పెట్టె మీద రాసి ఉంటేనే కొనండి. కంప్యూటరు కంటే ముందు ప్రింటరును చూసుకోవాలన్నది ఈ సమీక్ష మొత్తంలో నేను గట్టిగా చెప్పే సలహా.

రెండవది పాత ఫైళ్లు. అను ఫాంట్లతో పేజీలు కూర్చడానికి వాడిన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు చివరి కూర్పు 7, అది 2001 నాటిది. లిబ్రేఆఫీసు డ్రా ఆ ఫైళ్లను తెరవగలదు గానీ, వరుసలు కదిలిపోతాయి, అను పాఠం అను పాఠంగానే ఉంటుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నప్పటికీ ప్రతి పేరునూ అసలు కాగితంతో పోల్చుకోకుండా వాటిని నమ్మకూడదు. స్కాన్ చేసిన అచ్చుకాగితం నుంచి పాఠం రాబట్టడానికి టెసరాక్ట్ అనే సాధనంలో తెలుగు ఉంది. శుభ్రమైన అచ్చుకు బాగానే పనిచేస్తుంది, పాత చేతిరాత దస్తావేజులకు పనికిరాదు.

బ్రౌజరుగా ఫైర్‌ఫాక్స్‌నే వాడుతున్నాను. మింట్‌లో అది మొజిల్లా వారి మామూలు ప్యాకేజీగా వస్తుంది, మింట్‌కు ఆధారమైన ఉబుంటులోలాగా స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీగా కాదు, అందువల్ల పాత యంత్రంలో త్వరగా తెరుచుకుంటుంది. కొన్ని సేవల పోర్టళ్లు క్రోమియంలోనే సరిగా నడుస్తాయి కాబట్టి దాన్నీ పక్కన ఉంచుకున్నాను. పార్టీలు వాట్సాప్‌లో పంపే కాగితాలను వెబ్ యాప్స్ సాధనంతో విడి కిటికీలో తెరుస్తాను.

ఆ కాగితాల్లో ఆధార్, పాన్, పాసుపుస్తకాలు ఉంటాయి. అందుకే మింట్ స్థాపించేటప్పుడు డిస్కు మొత్తాన్ని గుప్తీకరించే ఎంపికను తప్పక తీసుకోవాలని తోటి లేఖరులను గట్టిగా కోరుతున్నాను. మన బల్ల మీది ల్యాప్‌టాప్ పోతే పోయేది మన సొత్తు ఒక్కటే కాదు, మనల్ని నమ్మి ఇచ్చినవారి వివరాలు కూడా. టైమ్‌షిఫ్ట్ అనే సాధనం వ్యవస్థను పాత స్థితికి తిప్పుతుందే తప్ప, మామూలు అమరికలో మన పత్రాలను దాచదు. పత్రాలకు వేరే బయటి డిస్కు ఉండాలి.

నా ల్యాప్‌టాప్ నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసరుది, 8 జీబీ మెమరీతో, ఆ తర్వాత వేసిన ఎస్ఎస్‌డీతో నడుస్తోంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరాన్ని, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను కోరుతుంది, కాబట్టి ఈ యంత్రానికి ఆ దారి లేదు. మింట్ 22కి మాత్రం 2029 వరకు భద్రతా నవీకరణలు వస్తాయి. నవీకరణల తీరు కూడా మా పనికి సరిపోయింది. మంచి ముహూర్తం ఉన్న రోజున దస్తావేజులు వరసగా వచ్చిపడతాయి, ఆ రోజు కంప్యూటరు తనంతట తాను ఆగి మళ్లీ మొదలవడం మింట్‌లో జరగదు, ఎప్పుడు నవీకరించాలో నేనే నిర్ణయిస్తాను. ఫోను హాట్‌స్పాట్ మీద బతికేవారికి ఇది డేటా పొదుపు కూడా. కరెంటు పోయి హఠాత్తుగా ఆగిన సందర్భాల్లో లిబ్రేఆఫీసు తిరిగి ఇచ్చిన పత్రంలో చివరి కొన్ని వాక్యాలు తప్ప ఏమీ పోలేదు. 2022 మే నెలలో కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేసిన రోజుల్లో పోర్టళ్ల పని ఆగినా, చిత్తులు రాయడం ఆగలేదు, ఎందుకంటే టైపూ ఫాంట్లూ అన్నీ యంత్రంలోనే ఉన్నాయి.

వేలిముద్ర యంత్రాలతో సేవలు అందించేవారు, విండోస్‌కే తయారైన సాఫ్ట్‌వేరుతో లెక్కలు రాసేవారు పూర్తిగా మింట్‌కు మారవద్దని నా సలహా. మిగిలినవారు ఏదీ చెరపకుండా పెన్‌డ్రైవ్ నుంచే దీన్ని నడిపి చూడవచ్చు. ఆ పూట వైఫై, స్కానరు, ప్రింటరు మూడూ పరీక్షించి, ఒక పాత షెడ్యూలును తెలుగులో తిరిగి కొట్టి, లీగల్ కాగితం మీద తీసి, ఒత్తులూ అంకెలూ అసలుతో పోల్చి చూడండి. నేను పాత పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం మరో యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా ఇంకా ఉంచుకున్నాను. ఎవరైనా లింకు డాక్యుమెంటు కోసం వచ్చినప్పుడు ఆ ఒక్క ఫైలును తీసి, వారి ఎదుటే సరిచూసి యూనికోడ్‌లోకి మారుస్తున్నాను.