ప్రైవేట్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ ఇస్తామంటే జాగ్రత్త: మార్కులు ఎలా వేస్తారో తెలుసుకున్నాకే డబ్బు కట్టండి

ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్లకి ఈ రోజుల్లో ఫోన్లు ఎలా వస్తాయో చెప్పక్కర్లేదు. ఫలితాలు రాకముందే సీటు బ్లాక్ చేసుకోమంటారు, ఈ వారం దాటితే స్కాలర్‌షిప్ స్లాబ్ మారిపోతుందంటారు. మా అక్క కొడుకు అలాంటి ఫోన్ మీదే ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బీటెక్ చేరాడు. ఇప్పుడు రెండో ఏడాది పూర్తి ఫీజు కడుతున్నాం, పైగా ఒక సబ్జెక్ట్ మళ్లీ చదవడానికి అదనంగా కట్టాం. ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయను. పేరు తెలుసుకుని ఆ ఒక్కదాన్ని తప్పించుకుంటే సరిపోయే విషయం కాదిది. అడ్మిషన్ రోజు ఏం అడగాలో తెలియకపోతే ఇంకోచోట కూడా ఇదే జరుగుతుంది.

అసలు విషయం స్కాలర్‌షిప్. ఇంటర్ మార్కుల మీద ట్యూషన్ ఫీజులో సగం తగ్గిస్తామన్నారు. నాలుగేళ్లూ ఉంటుందా అని అక్క సూటిగానే అడిగింది. "అబ్బాయి పర్‌ఫార్మెన్స్ బాగుంటే ఎందుకుండదు మేడమ్" అన్నాడు కౌన్సెలర్. ఇంటర్‌లో అన్ని మార్కులు తెచ్చుకున్నవాడు ఇక్కడ మాత్రం బాగా చదవడా అని ఎవరైనా అనుకుంటారు. చేరాక వచ్చిన లెటర్లో మాత్రం, ఏడాది చివర 8.5 సీజీపీఏ (అన్ని సబ్జెక్టుల గ్రేడ్ పాయింట్ల సగటు, పదికి) ఉండాలి, ఒక్క బ్యాక్‌లాగ్ (పూర్తికాకుండా మిగిలిపోయిన సబ్జెక్టు) కూడా ఉండకూడదు అని ఉంది. అది కూడా పెద్ద అడ్డేమీ కాదనిపించింది. ఎందుకంటే మాకు తెలిసిన లెక్క వేరు.

జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధి కాలేజీల్లో 90 దాటితే ఓ గ్రేడ్, 80 దాటితే ఏ ప్లస్, 70 దాటితే ఏ. పదిపాయింట్ల స్కేలులో అవి 10, 9, 8. నీ మార్కులు నీవి, పక్కవాడికి ఎన్ని వచ్చినా నీ గ్రేడ్ మారదు. దీన్ని అబ్సొల్యూట్ గ్రేడింగ్ అంటారు. మావాడి యూనివర్సిటీలో ఉన్నది రిలేటివ్ గ్రేడింగ్. అక్కడ క్లాసు సగటు ఎంత, నువ్వు దానికి ఎంత పైన ఉన్నావు అనేదాన్ని బట్టి గ్రేడ్ పడుతుంది. ఒక సబ్జెక్టులో మావాడికి 82 వచ్చాయి. ఆ పేపరు తేలిగ్గా వచ్చింది కాబట్టి క్లాసు సగటే 80 దాకా ఉంది. చేతికొచ్చింది బీ ప్లస్, అంటే 7 పాయింట్లు. అవే 82 మార్కులకి ఇంకోచోట 9 వచ్చేవి.

రిలేటివ్ గ్రేడింగ్ మోసం కాదు. యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ రెండు పద్ధతులకీ ఒప్పుకుంటుంది. పేపరు మరీ కష్టంగా వచ్చినప్పుడు పిల్లల్ని కాపాడేది కూడా ఇదే, 45 మార్కులకి మంచి గ్రేడ్ రావచ్చు. నా అభ్యంతరం దీన్ని తీసుకెళ్లి స్కాలర్‌షిప్‌కి ముడిపెట్టడం మీద. లెక్క వేసి చూడండి. 8.5 నిలబడాలంటే సగం సబ్జెక్టుల్లో ఏ ప్లస్, మిగతా సగంలో ఏ కన్నా తగ్గకూడదు. ఎక్కడైనా ఒక బీ ప్లస్ పడితే దాన్ని పూడ్చడానికి ఇంకోచోట ఓ రావాలి. క్లాసు మధ్యలో ఉన్నవాడికి బీ ప్లస్ పడే పద్ధతిలో సగం మంది 7 దగ్గరా, దాని కిందా ఉండి తీరతారు. అందరూ రాత్రింబవళ్లు చదివినా అంతే, సగటు కూడా వాళ్లతోపాటే పెరుగుతుంది. మొదటి ఏడాది రాయితీతో చేరినవాళ్లలో ఎక్కువమందికి రెండో ఏడాది అది ఉండదని స్కాలర్‌షిప్ ప్రకటించేవాళ్లకి ముందే తెలుసు. తెలియంది మనకే. కాబట్టి నాలుగేళ్ల ఖర్చు లెక్కేసుకునేటప్పుడు రాయితీ మొదటి ఏడాదికే అనుకోండి, మిగతా మూడేళ్లకి పూర్తి ఫీజు వేసుకోండి. ఆ మొత్తం మీ తాహతుకి మించితే ఆ సీటు మీది కాదు.

ఇక బ్యాక్‌లాగ్ షరతు. ఇందులో మావాడు ఇరుక్కుంది పరీక్ష తప్పి కాదు, హాజరు తగ్గి.

జేఎన్‌టీయూహెచ్‌లో హాజరు అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. ఆరోగ్యం బాగోలేకపోతే 65 శాతం దాకా కండొనేషన్ ఫీజు (హాజరు తగ్గినా మన్నించడానికి కట్టేది) కట్టి గట్టెక్కవచ్చు. మన ఇళ్లలో అన్నలూ అక్కలూ చదివింది ఈ పద్ధతిలోనే కాబట్టి 65 అనే అంకె అందరి బుర్రలో ఉండిపోయింది. మావాడి యూనివర్సిటీలో 75 శాతం ఏ సబ్జెక్టుకి ఆ సబ్జెక్టే. మెడికల్ లీవు కూడా మిగిలిన ఆ 25 శాతంలోనే, వేరే సడలింపు లేదు. సెమిస్టర్ మధ్యలో జ్వరంతో కొన్ని రోజులు పడుకున్నాడు. మిగతావి ఎలాగో సర్దుకున్నాయి గానీ, వారానికి ఒక్కసారే ఉండే ల్యాబ్ ఉన్న సబ్జెక్టులో హాజరు పడిపోయింది. డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకెళ్తే తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు, ఎండ్ సెమిస్టర్ పరీక్షకి మాత్రం కూర్చోనివ్వలేదు.

తర్వాత సప్లీ రాసుకుంటాడులే అనుకున్నాం. సప్లీ పరీక్షలో తప్పినవాళ్లకట. హాజరు లేనివాళ్లు ఆ సబ్జెక్టుకి మళ్లీ రిజిస్టర్ చేసుకుని క్లాసులన్నీ కూర్చోవాలి, ఫీజు క్రెడిట్ల (ఒక్కో సబ్జెక్టుకి ఉండే వెయిటేజీ) లెక్కన కట్టాలి. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు కాబట్టి ఒక క్రెడిట్ ఫీజుకి నాలుగు రెట్లు పడింది. రికార్డులో అది బ్యాక్‌లాగ్ కిందే లెక్క. మార్కులు ఎలా ఉన్నా స్కాలర్‌షిప్ ఆ రోజే పోయింది. క్యాంపస్ ఇంటర్వ్యూలకి వచ్చే కంపెనీలు కూడా బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని ముందే పక్కన పెడుతుంటాయి, ఆ టెన్షన్ వేరే.

ఇవన్నీ అకడమిక్ రెగ్యులేషన్స్ అనే పుస్తకంలో ఉన్నాయి. ఏదీ దాచలేదు, చూపించనూ లేదు. బ్రోషర్లో ల్యాబుల ఫొటోలు, ప్యాకేజీల అంకెలు ఉంటాయి గానీ ఈ పుస్తకం ఊసుండదు. అడ్మిషన్ ఫారంలో చిన్న అక్షరాల్లో "నియమాలన్నీ చదివి అంగీకరిస్తున్నాను" అని సంతకం మాత్రం తీసుకుంటారు. ఆఫీసుకి వెళ్లి అడిగితే ఆ సంతకమే చూపిస్తారు. కౌన్సెలర్ ఫోన్లో చెప్పినదానికి కాగితం ముక్క లేదు, అతనిప్పుడు అక్కడ పనిలోనూ లేడు.

మీరు చేయాల్సింది ఇదీ. డబ్బు కట్టకముందే, మీ పిల్లలు చేరబోయే బ్యాచ్‌కి వర్తించే రెగ్యులేషన్స్ పీడీఎఫ్ పంపమని మెయిల్‌లో అడగండి. పాత బ్యాచ్‌ది పంపిస్తే ఒప్పుకోకండి, ఇవి కొన్నేళ్లకోసారి మారిపోతుంటాయి. అందులో మొదట గ్రేడింగ్ అబ్సొల్యూటా రిలేటివా చూడండి. తర్వాత హాజరు సబ్జెక్టు వారీగానా మొత్తం మీదా, ఇంటర్నల్స్‌కి (మిడ్స్ లాంటి సెమిస్టర్ మధ్య పరీక్షలకి) ఎన్ని మార్కులు, ఫైనల్‌లో విడిగా పాస్ మార్కు ఉందా అన్నవి. ఈ చివరిది చాలామంది చూడరు. జేఎన్‌టీయూహెచ్‌లో కూడా ఇంటర్నల్స్ కలిపి 40 శాతం వచ్చినంత మాత్రాన పాస్ కారు, ఎండ్ సెమిస్టర్‌లో విడిగా 35 శాతం రావాలి. మిడ్స్‌లో దండిగా వచ్చాయని నిమ్మళంగా ఉన్న పిల్లలు తప్పేది ఇక్కడే. డిటెయిన్ అయి జూనియర్లతో కలిస్తే ఏ రెగ్యులేషన్ కిందికి వస్తారో కూడా చూడండి, సిలబస్ మారితే అదనపు సబ్జెక్టులు నెత్తిన పడతాయి. స్కాలర్‌షిప్ షరతుల లెటర్ కూడా ముందే కావాలని అడగండి. "చేరాక ఇస్తాం" అన్నారంటే అక్కడితో ఆగండి.

వాళ్లు ఇదేదో మనకి దయతో చేసే పని కాదు. విద్యార్థుల ఫిర్యాదుల మీద యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం, అడ్మిషన్లు మొదలవడానికి కనీసం 60 రోజుల ముందే ప్రాస్పెక్టస్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. సీట్లెన్ని, ఫీజులెంత, మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నవి అందులో ఉండాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి. మావాడివి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ అన్నీ తీసుకుని ఒక రసీదు చేతిలో పెట్టారు. మధ్యలో మానేస్తే మిగతా ఏళ్ల ఫీజు కూడా కడితేనే ఇస్తామని వేరే పిల్లలకి చెప్పారని తర్వాత విన్నాం. 2018 అక్టోబర్‌లో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ దీన్ని సూటిగా కాదంటుంది. ఒరిజినల్స్ అడ్మిషన్ అప్పుడు విద్యార్థి ఎదుటే పరిశీలించి వెంటనే తిరిగిచ్చేయాలి, సెల్ఫ్ అటెస్టెడ్ కాపీలు మాత్రమే ఉంచుకోవాలి. ఫీజు కూడా చదవబోయే సెమిస్టర్‌కో ఏడాదికో తప్ప అంతకుమించి ముందుగా వసూలు చేయకూడదు. ఆ నోటిఫికేషన్ ప్రింట్ తీసి జత చేసి మేం లెటర్ పెట్టాక మెమోలు వెనక్కిచ్చారు. అప్పటిదాకా నోటితో ఎన్నిసార్లు అడిగినా "పై నుంచి అప్రూవల్ రావాలి" అన్నదే మాట.

సీటు బ్లాక్ చేసి తర్వాత ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో వేరే కాలేజీ వచ్చినవాళ్లకి కూడా ఆ 2018 నోటిఫికేషనే ఆధారం. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానేస్తున్నామని తెలిపితే 100 శాతం ఫీజు వెనక్కి రావాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలకి మించకుండా పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజులకన్నా తక్కువ ఉండగా తెలిపితే 90 శాతం. చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపు 80, నెలలోపు 50, ఆపైన ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం ఎప్పుడైనా పూర్తిగా ఇవ్వాల్సిందే. దీనికి తోడు కొన్ని సంవత్సరాలకి యూజీసీ ఇంకా ఉదారంగా విడిగా ఉత్తర్వులిచ్చింది. 2024-25కి సెప్టెంబర్ 30 దాకా పూర్తి ఫీజు, అక్టోబర్ 31 దాకా గరిష్ఠంగా 1,000 రూపాయలు మినహాయించి మిగతాదంతా తిరిగివ్వమంది. మీ ఏడాదికి ఏముందో యూజీసీ సైట్‌లో చూసుకోండి. రసీదు మీద "నాన్ రిఫండబుల్" అని స్టాంపు కొట్టినంత మాత్రాన ఆ నిబంధన చెల్లిపోదు. మానేస్తున్నామన్న మాట మాత్రం రాతపూర్వకంగా, తేదీతో పంపండి. శాతాలన్నీ ఆ తేదీ మీదే నడుస్తాయి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలంటే, కన్స్యూమర్ కోర్టుకి వెళ్దామని మా బావ ఎగిరాడు. లక్షలు కడుతున్నాం కదా, మనం కొనుగోలుదారులమే కదా అన్నది అతని వాదన. కానీ చదువు సరుకు కాదు, విద్యార్థి వినియోగదారుడు కాడు అని సుప్రీంకోర్టు 2010లో ఒక యూనివర్సిటీ కేసులో చెప్పింది. అటు వెళ్లాలనుకుంటే ముందు లాయర్ని అడగండి. మొదట పట్టుకోవాల్సింది యూనివర్సిటీలో ఉండే స్టూడెంట్ గ్రీవెన్స్ రిడ్రెసల్ కమిటీని. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ తేలకపోతే విద్యార్థుల అప్పీళ్లు వినే ఓంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు, 30 రోజుల్లో పరిష్కరించడానికి ప్రయత్నించాలని నిబంధన. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు, దాని డాకెట్ నంబర్ వేసి రాసిన మెయిల్‌కి జవాబు త్వరగా వస్తుంది. స్కాలర్‌షిప్ విషయంలో మాత్రం కమిటీ మాకు అనుకూలంగా చెప్పలేదు, షరతుల లెటర్‌ ఉంది కదా అంది. నిజమే, ఉంది. చేరిన తర్వాత చేతికిచ్చారన్నది మా వాదన, అప్పీలు ఇంకా నడుస్తోంది.

న్యాక్ (విద్యాసంస్థల నాణ్యత చూసే సంస్థ) గ్రేడు చూసి మురిసిపోయేవాళ్లకి ఒక్క మాట: అది సంస్థ మొత్తానికి ఇచ్చేది. మీరు చేరే బ్రాంచికి ఎన్‌బీఏ (కోర్సు వారీగా ఇచ్చే గుర్తింపు) ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న, దాన్ని విడిగా అడగండి.

ఈ ఏడాది ఎవరైనా చేరబోతుంటే, వాళ్లు పంపిన రెగ్యులేషన్స్‌లో గ్రేడింగ్, హాజరు పేజీలు అర్థం కాకపోతే పేరు, నంబరు కనిపించకుండా చేసి ఇక్కడ పెట్టండి. మావాడి పుణ్యమా అని ఆ భాష నాకిప్పుడు బాగానే వచ్చు, చూసి చెప్తాను.