కంటి పరీక్షకు ఏ చుక్కలు మేలు?

కంటి పరీక్షకు వెళ్తే చుక్కలు వేసి కళ్లు మూసుకుని కూర్చోమంటారు. ఎవరికైనా అవే చుక్కలని చాలామంది అనుకుంటారు. కాదు. షుగర్ ఉన్న నాన్నగారి రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) చూడడానికి వేసేవి వేరు, నాలుగేళ్ల పాపకు అద్దాల నంబరు తేల్చడానికి వాడేవి వేరు.

కంటిపాప చుట్టూ రెండు కండరాలుంటాయి. గుండ్రంగా ఉన్నది పాపను ముడుస్తుంది. పారాసింపథెటిక్ అనే నరాలు విడుదల చేసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం దాన్ని నడిపిస్తుంది. బండి చక్రం ఆకుల్లా పరుచుకున్న రెండోది పాపను విప్పుతుంది, అది సింపథెటిక్ అనే వేరే నరాల అధీనంలో ఉంటుంది. పాప పెద్దదవ్వాలంటే ముడిచేదాన్ని ఆపాలి, లేదా విప్పేదాన్ని ఉసిగొల్పాలి. ట్రోపికమైడ్, సైక్లోపెంటోలేట్, అట్రోపిన్ అనే మందులు మొదటి పని చేస్తాయి, ఫినైలెఫ్రిన్ రెండోది చేస్తుంది.

దగ్గరివి చూడడానికి లెన్స్‌ను ఉబ్బించే సిలియరీ కండరం కూడా అసిటైల్‌కోలిన్‌తోనే పనిచేస్తుంది. అందుకే మొదటి రకం చుక్కలు వేశాక ఫోన్‌లో అక్షరాలు అలుక్కుపోతాయి. ఫినైలెఫ్రిన్ ఒక్కటే వేస్తే ఆ ఇబ్బంది దాదాపు ఉండదు.

పెద్దవాళ్ల రెటీనా పరీక్షకు నా ఓటు ట్రోపికమైడ్‌కే. అరగంటలో పాప విచ్చుకుంటుంది, చాలామందికి సాయంత్రానికి సర్దుకుంటుంది. ఫినైలెఫ్రిన్ కలిస్తే ఇంకా బాగా విచ్చుకుంటుంది కాబట్టి మన దగ్గర రెండూ కలిపిన సీసాలు బాగా వాడుకలో ఉన్నాయి. కానీ బీపీ అదుపులో లేనివారికి, గుండె జబ్బున్నవారికి ఫినైలెఫ్రిన్, ముఖ్యంగా 10 శాతంది, బీపీ పెంచే ప్రమాదం ఉంది. చుక్కలు వేసేవాళ్లు అడగకపోయినా ఆ సంగతి మీరే చెప్పండి.

అసలు చిక్కు పిల్లలతోనే. వాళ్ల సిలియరీ కండరం చాలా బలంగా ఉంటుంది. కంటికి ప్లస్ పవర్ అద్దాలు అవసరమైనా, ఆ కండరాన్ని బిగించి బిడ్డ స్పష్టంగానే చూసేస్తుంది, నంబరు బయటపడదు. ఆ బిగింపు వల్లే కొందరికి కన్ను లోపలికి తిరిగి మెల్ల వస్తుంది. ట్రోపికమైడ్ ఆ కండరాన్ని పూర్తిగా సడలించలేదు. తొందరగా అయిపోతుందని అది వేయించుకుంటే నంబరు తక్కువగా తేలవచ్చు, అద్దాలు పెట్టినా మెల్ల తగ్గకపోవచ్చు.

బడికి వెళ్లే పిల్లలకు సైక్లోపెంటోలేట్ బాగా సరిపోతుంది. ముప్పావుగంటలో పనిచేస్తుంది, దాదాపు ఒక రోజులో తగ్గుతుంది. కాస్త మంట, ఒక్కోసారి మగత ఉంటాయి. అరుదుగా పిల్లలు సంబంధం లేకుండా మాట్లాడతారు.

ఐదేళ్లలోపు ఉండి, కన్ను లోపలికి తిరిగే పిల్లలకు మాత్రం అట్రోపిన్ ఆయింట్‌మెంటే మేలంటాను. పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి డాక్టరు చెప్పినట్టు ఇంట్లో రాయాలి. కంటిపాప మామూలు కావడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, ఎండలో కళ్లు తెరవలేరు. తల్లిదండ్రులకు విసుగే, కానీ మెల్లకన్ను విషయంలో సరైన నంబరు కోసం ఆ రెండు వారాలు ఓర్చుకోవచ్చు. అయితే ఉమ్మెత్తలోనూ ఉండే మందు ఇది, తేలిగ్గా తీసుకోకూడదు. ముఖం ఎర్రబడినా, ఒళ్లు వేడెక్కినా, నోరు ఎండిపోయినా, గుండె వేగంగా కొట్టుకున్నా రాయడం ఆపి వెంటనే డాక్టరును కలవండి. ట్యూబు పిల్లలకు అందనివ్వకండి, రాశాక చేతులు కడుక్కోండి.

మన నల్ల కళ్లలోని రంగు మందును పట్టి ఉంచుకుంటుంది. అందుకే పాప నెమ్మదిగా విచ్చుకుంటుంది, నెమ్మదిగానే సర్దుకుంటుంది. రెండోసారి చుక్కలు వేస్తే కంగారు పడకండి.

ఏ చుక్కలు వేసినా ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోండి. మందు ముక్కులోకి జారి ఒంట్లో కలవడం తగ్గుతుంది. ఆ రోజు బండి నడపకండి. కంటిలో తీవ్రమైన నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఇరుకు కోణం ఉన్న కళ్లలో, అంటే లోపలి నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్న కళ్లలో, పాప విచ్చుకున్నప్పుడు లోపలి పీడనం ఒక్కసారిగా పెరగవచ్చు.