ఇమాటినిబ్ 400 మాత్ర: రోజూ వేసుకుంటున్న మనిషి రివ్యూ

మలక్‌పేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. నాకు సీఎంఎల్ ఉంది, నెమ్మదిగా ముదిరే రకం బ్లడ్ క్యాన్సర్. డాక్టరు గారు రాసింది మన హైదరాబాద్ కంపెనీ నాట్కో వాళ్ల వీనాట్ 400, అంటే ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకు ఒకటి. క్యాన్సర్ అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది: జుట్టు ఊడిపోతుందని, ఉద్యోగం మానేయాలని. రెండూ జరగలేదు. కొత్తగా ఈ మందు మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మందు పనిచేస్తోందా అన్నది ఒంట్లో హాయిని బట్టి తెలియదు. రక్తంలో జబ్బు ఆనవాలు ఎంత శాతం మిగిలిందో కొలిచే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ అనే రక్తపరీక్షే చెప్పాలి. మూడు నెలలకు ఆ అంకె 10 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగిందా అని డాక్టర్లు చూస్తారు. నాది ఇప్పుడు 0.1 కంటే తక్కువ. అందుకే ఈ మందుకు నేను అయిదుకు అయిదు ఇస్తాను.

ఇబ్బందులు లేవని కాదు. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి ఖాయం. నేను రాత్రి భోజనంలో కూరన్నం అయ్యాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకుని, ఆ తర్వాత పెరుగన్నం తింటాను. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బుతుంది, కొన్ని రాత్రులు పిక్కలు పట్టేస్తాయి. మాత్ర పెద్దది. గొంతు దిగనివాళ్లు గ్లాసు నీళ్లలో వేసి కలిపి, కరగగానే తాగేయవచ్చు. మా ఇంటి దగ్గరి మెడికల్ షాపతను ఒకసారి మాటైనా చెప్పకుండా వేరే కంపెనీ స్ట్రిప్ ఇచ్చాడు. అదీ ఇమాటినిబ్బే కావచ్చు, కానీ ఏళ్ల తరబడి వాడే మందు మార్చేటప్పుడు డాక్టరుకు తెలియాలి కదా. తిరిగి ఇచ్చేశాను.

ఈ మందు వెనక ఉన్న మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. ఫిలడెల్ఫియాలో ఇద్దరు పరిశోధకులు 1960లో ఈ జబ్బు ఉన్నవాళ్ల కణాల్లో కురచైన క్రోమోజోమ్ ఒకటి చూశారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్లే అలా అవుతోందని 1973లో చికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టే తప్పుడు ఎంజైమ్, తెల్లకణాలను ఆగకుండా పెరగమని తరుముతూ ఉంటుంది. ఆ ఎంజైమ్ ఒక్కదాన్నే ఆపగలిగితే చాలని బ్రయన్ డ్రుకర్ అనే డాక్టరు పట్టుబట్టాడు. 1993లో బోస్టన్ వదిలి ఆరెగాన్ వెళ్లి, స్విస్ మందుల కంపెనీ సీబా-గైగీలో నికొలస్ లైడన్ బృందం తయారుచేసిన పదార్థాలను తెప్పించుకుని కణాల మీద పరీక్షించాడు. ఒకటి జబ్బు కణాలను చంపి మంచి కణాలను వదిలేసింది. అయినా కంపెనీ ముందుకు రాలేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లు తక్కువ, మందు అమ్ముడుపోదని వాళ్ల లెక్క. డ్రుకర్ వదలకుండా వెంటపడి అడుగుతూనే ఉన్నాడు. చివరికి 1998లో మొదటి రోగికి మాత్ర ఇచ్చారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకొచ్చింది. 2001 మేలో అమెరికాలో అనుమతి దొరికింది. ఇరవై రెండో క్రోమోజోమ్ బొమ్మ బోర్డు మీద గీసేటప్పుడు ఇప్పుడు ఈయన పేరు కూడా పిల్లలకు చెబుతున్నాను.

అంత పట్టుదలతో తెచ్చిన మందు మనకు అందేదా అంటే, నాట్కో లాంటి కంపెనీలు లేకపోతే అందేది కాదు. సీబా-గైగీ మరో కంపెనీతో కలిసి నోవార్టిస్ అయింది. వాళ్లు గ్లివెక్ పేరుతో అమ్మిన ఇదే మందు నెలకు లక్షా 20 వేల రూపాయల దాకా ఉండేది. ఇక్కడి కంపెనీల మందు 8 నుంచి 10 వేలకే దొరికేది. పేటెంట్ కావాలని నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు కాదంది. నా జీతంలో ఈ వైద్యం నడుస్తోందంటే కారణం ఆ తీర్పు కూడా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రెండు మాటలు. బాగానే ఉంది కదా అని మధ్యమధ్యలో మానేయకండి, అంకె మళ్లీ పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ అయినా, ఎవరో చెప్పిన ఆకుపసరు అయినా డాక్టర్ని అడగకుండా దీనితో కలిపి వాడకండి. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్లు ఆ సంగతి మొదటి స్ట్రిప్ కొనకముందే డాక్టరుతో మాట్లాడండి.