చామంతి: పిలక నాటాలా, కొమ్మ నాటాలా?

పూలు అయిపోయాక చామంతి మొక్కను నేలకు కాస్త పైన కోసి నీళ్లు పెడితే, కొన్నాళ్లకు మొదలు చుట్టూ లేత పిలకలు లేస్తాయి. వేళ్లతో సహా విడదీసి నాటుకుంటే సరి. పెరట్లో నాలుగు మొక్కలు చాలనుకునేవారికి ఇంతకంటే సులువైన దారి లేదు.

చేను వేసేవారికి మాత్రం నేను కొమ్మ కత్తిరింపులే చెబుతాను. పిలక తల్లి మొక్క మట్టితోనే వస్తుంది. అక్కడ వేరుకుళ్లు ఉంటే అదీ వెంట వస్తుంది. పైగా ఒక పిలక దిట్టంగా, మరొకటి పుల్లలా ఉంటే చేనంతా ఒకేసారి పూతకు రాదు.

తెగులు లేని మొక్క నుంచి రెండు మూడు అంగుళాల చిగురు కొమ్మను కణుపు కిందుగా కోయాలి. అడుగు ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో ఉంచాలి. రెండు మూడు వారాలకు ఒకదాన్ని మెల్లగా పైకి తీసి చూడండి, తెల్లటి దారపు పోగుల్లా వేళ్లు కనిపిస్తాయి. ఆ క్షణం కోసమైనా ఈ శ్రమ పడవచ్చు! ఇసుక ఆరితే కొమ్మ వాడుతుంది, నీరు నిలిస్తే కుళ్లుతుంది. ఈ రెండు మూడు వారాలు కనిపెట్టుకుని ఉండలేనివారు పిలకలే నాటుకోవడం మేలు.

ఏది నాటినా జూన్, జూలై దాటనివ్వకండి. నాలుగు వారాలకు తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. రాత్రులు పొడవైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది కనుక వీధి దీపం వెలుగు పడేచోట పూత వెనకబడుతుంది.