డచ్చివాడి గని: సూపర్‌స్టిషన్ కొండల్లో ముందు ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

అరిజోనాలో ఫీనిక్స్‌కు తూర్పున సుమారు 40 మైళ్లలో సూపర్‌స్టిషన్ కొండలున్నాయి. జర్మనీ నుంచి వచ్చిన జేకబ్ వాల్ట్జ్ 1891 అక్టోబరులో చనిపోతూ ఇక్కడి తన రహస్య బంగారు గని ఆనవాళ్లు చెప్పాడనీ, అతని మంచం కింద బంగారు రాళ్లు దొరికాయనీ కథ. జర్మన్ అని అర్థమిచ్చే డాయిచ్ అన్న మాటే జనం నోట డచ్ అయింది. వచ్చినవాళ్లు చాలామంది నేరుగా కథలో గనికి గుర్తుగా చెప్పే వీవర్స్ నీడిల్ శిఖరం వైపు పరుగెడతారు. అది చివర చూడాల్సింది. ముందు రాయి సంగతి తెలియాలి.

అందుకే మొదట గోల్డ్‌ఫీల్డ్ అనే పాత గని ఊరు. అపాచీ జంక్షన్ దాటగానే 88వ నంబరు రోడ్డు మీదే ఉంటుంది. ఇప్పటి ఊరు తిరిగి కట్టింది. దుకాణాలూ చిన్న రైలూ పిల్లలకు బాగుంటాయి, పెద్దవాళ్లకు గంటన్నర చాలు. కానీ 1892లో ఇక్కడ బంగారం పడిన మాట నిజం, అదీ పాత గ్రానైటు రాతిలో. ఎదురుగా కనిపించే పెద్ద కొండలు అగ్నిపర్వతాల బూడిదా లావా గట్టిపడినవి, బంగారానికి అనువైన రాయి కాదు. వాల్ట్జ్ బంగారం ఈ గోల్డ్‌ఫీల్డ్ పక్కదే అయ్యుంటుందన్న వాదానికి బలం ఇదే. అన్నిటిలోకీ మాకు నమ్మదగినదీ ఇదే.

అక్కడికి దగ్గర్లోనే సూపర్‌స్టిషన్ మౌంటెన్ మ్యూజియం. పెరాల్టా రాళ్ల కోసమైనా వెళ్లాలి. పెరాల్టా అనే మెక్సికన్ కుటుంబం గని దారి చూపడానికి చెక్కించిన పటమంటారు గానీ, స్పానిష్‌లో ‘గుండె’ అన్న మాటలోనే ఒక అక్షరం ఎగిరిపోయింది. దగ్గరగా నిలబడి చదివితే నమ్మకం సడలుతుంది.

నీడిల్ చూడాలంటే పెరాల్టా దారిలో ఫ్రీమాంట్ శాడిల్ అనే కనుమ వరకు వెళ్తే సరిపోతుంది. ఒకవైపు 2.3 మైళ్లు, ఎక్కుడు దాదాపు 1,300 అడుగులు. రానూపోనూ నాలుగు గంటలు వేసుకోండి. చివరి కొన్ని మైళ్లు మట్టిరోడ్డు, వాన పడితే చిన్న కార్లకు కష్టం. నవంబరు నుంచి మార్చి దాకానే వెళ్లాలి. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, చోయా అనే కాక్టస్ ముళ్లు పీకడానికి ఒక దువ్వెన. శాడిల్ దాటి శిఖరం మొదటికి దిగినవాళ్లకు తిరిగి ఎక్కేటప్పుడే నీళ్లు అయిపోతాయి. 2010 జూలైలో గని వెతకడానికి వెళ్లిన ముగ్గురు ఈ కొండల్లోనే చనిపోయారు. తవ్వుదామన్న ఆలోచన వద్దు: ఈ కొండలున్న రక్షిత అటవీ ప్రాంతం (సూపర్‌స్టిషన్ వైల్డర్‌నెస్) లోపల 1984 నుంచి కొత్త గని హక్కులు ఇవ్వడం లేదు, నిధి వెతకాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి.

బసకు లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్కే మేలు, సాయంత్రం కొండ ఎర్రబారడం గుడారం ముందు నుంచే కనిపిస్తుంది. అక్కడి కేబిన్లలో కరెంటు ఉంటుంది గానీ లోపల బాత్‌రూమ్ ఉండదు, దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి. చలికాలం శని ఆదివారాలకు చాలా ముందుగా బుక్ చేయాలి. వృద్ధులతో వెళ్తే మేసాలో హోటల్ తీసుకోండి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న చాండ్లర్ కూడా అక్కడికి దగ్గరే, అన్నం పప్పుకు ఇబ్బంది లేదు.

మరో రోజు దొరికితే ఫీనిక్స్‌కు వాయవ్యంగా వికెన్‌బర్గ్ దగ్గరున్న వల్చర్ గనికి వెళ్లండి. 1863లో బయటపడిన ఆ గనిలో కూలీలు మేలైన రాళ్లు దాచి అమ్ముకునేవారు, వాల్ట్జ్ రాళ్లూ అలా చేతులు మారినవేనని ఇంకో వాదం. ఎండాకాలంలో మూసి ఉంటుంది కాబట్టి తెరిచే రోజులు ముందే కనుక్కోండి.