నాలుగు ట్యూబుల కార్టిసాల్ కిట్: అసలు పనికొచ్చేది రాత్రి ట్యూబే

ఒత్తిడి హార్మోన్ అనే కార్టిసాల్‌ను కొలవడానికి ఇంట్లోనే లాలాజలం తీసి ల్యాబుకు పంపే ఈ రకం కిట్‌లో నాలుగు ట్యూబులు, నాలుగు దూది చుట్టలు ఉంటాయి. లేవగానే, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు తీయాలి. చుట్టను చేత్తో ముట్టుకోకుండా నోట్లో వేసుకుని, ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి, నేరుగా ట్యూబులోకి ఉమ్మేస్తే సరి. సూది పోటు లేకపోవడం చిన్న లాభం కాదు. ఆ భయానికే కార్టిసాల్ పెరిగేవాళ్లున్నారు.

చిక్కంతా సమయంతోనే. కార్టిసాల్ తెల్లవారుజాము నుంచి పెరుగుతూ, లేచాక 30–45 నిమిషాలకు గరిష్ఠానికి చేరుతుంది. తర్వాత తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. కళ్లు తెరవగానే తీసిన శాంపిల్‌కీ, అరగంట ఆగి తీసినదానికీ అంకె మారిపోతుంది. కాబట్టి ట్యూబు మీద ‘ఉదయం’ అని రాస్తే చాలదు, లేచిన సమయం, తీసిన సమయం రెండూ రాయాలి. నైట్ డ్యూటీలు చేసేవాళ్లకు రిపోర్టులోని నార్మల్ రేంజ్ వర్తించదు.

తీసే ముందు అరగంట తినకూడదు, పళ్లు తోమకూడదు. చిగుళ్ల రక్తం కాస్త కలిసినా అంకె పెరుగుతుంది. సిగరెట్, అతిమధురం కూడా పెంచుతాయి. హైడ్రోకార్టిజోన్ క్రీము రాసుకున్న వేళ్లు దూదికి తగిలితే ఆ శాంపిల్ పారేయాల్సిందే, ఎందుకంటే ఆ మందు కార్టిసాలే. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు, ఇన్‌హేలర్లు ఒంట్లో తయారయ్యే కార్టిసాల్‌ను తగ్గించగలవు. వాటిని సొంతంగా ఆపకండి, డాక్టరుకు చెప్పండి.

ఈ అంకెను రక్తపరీక్ష అంకెతో పోల్చకండి. రక్తంలో కార్టిసాల్ చాలావరకు ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది, లాలాజలంలోకి వచ్చేది విడిగా ఉన్నదే. యూనిట్లూ చూసుకోండి: డెసిలీటరుకు 1 మైక్రోగ్రాము అంటే లీటరుకు 27.6 నానోమోల్స్.

కుషింగ్ సిండ్రోమ్ (ఒంట్లో కార్టిసాల్ మరీ ఎక్కువయ్యే జబ్బు) అనుమానంలో వైద్యులు నిజంగా నమ్మేది రాత్రి శాంపిల్‌నే, అదీ కనీసం రెండు రాత్రులది. కిట్‌లో ఉన్నది ఒక్కటే, ఇది పెద్ద లోపం. పగటి గ్రాఫ్ చూపించి ‘అడ్రినల్ ఫెటీగ్’ (కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయని) అని రాసే పేజీని పక్కన పడేయండి. హార్మోన్ల వైద్యశాస్త్రమైన ఎండోక్రినాలజీ దాన్ని జబ్బుగా గుర్తించలేదు, దాని పేరుతో అమ్మే సప్లిమెంట్లు కొనకండి.

తగ్గిపోతున్న బరువు, నీరసం, లో బీపీ ఉంటే ఈ కిట్ జోలికి వెళ్లొద్దు. ఉదయం 8 గంటల రక్తపరీక్ష చేయించండి. అందులో కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే అడ్రినల్ లోపాన్ని (ఆ గ్రంథులు చాలినంత కార్టిసాల్ తయారుచేయకపోవడాన్ని) గట్టిగా అనుమానించాలి. అటూ ఇటూ కాకుండా వస్తే అడ్రినల్ గ్రంథులను పురిగొల్పే హార్మోన్ ఇచ్చి చూసే ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ టెస్టు తేలుస్తుంది.